గురువమ్మ పేరు రాసిన వ్యాను

బరంపురంలో హైవే పక్కన బాడీ షెడ్డు నాది. నాది అంటే స్థలమూ రేకులూ అద్దెవి, వెల్డింగు మిషనూ నోరూ మాత్రం నావి. ఆ నోటికి జడిసి గిరాకీ పారిపోతోందని నా పెళ్ళాం కాసులమ్మ రోజుకోసారి దులిపేస్తుంది. ఇద్దరు పిల్లల తల్లి, గుండెలో కవాటం చెడిపోయి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, నన్ను తిట్టడానికి ఊపిరి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుందో ఆ దేవుడికే తెలియాలి. ఆమెకి ఆపరేషను మా బీదల కార్డు మీద భువనేశ్వర్‌లో చేస్తామన్నారు. చేతి డబ్బుతో అయితే నేను ఇంకో మూడు జన్మలు వెల్డింగు చెయ్యాలి.

షెడ్డులో లారీ తొట్లు అతికే పని ఎక్కువ. మధ్యలో ఈ పడక వ్యాన్ల పిచ్చి వచ్చింది. మొదట భువనేశ్వర్ నుంచి ఒకాయన ఫోనులో బొమ్మ చూపించాడు. వ్యానులోనే ఫ్రిజ్జు, స్నానానికి గొట్టం, మడత కుర్చీలు, టీవీ. ఇవన్నీ ఇంట్లో లేవా నాయనా అని లోపల తిట్టుకుంటూనే చేసిచ్చాను. ఆరు నెలలు తిరక్కుండా వెనక్కి తెచ్చాడు. ఫ్రిజ్జు బ్యాటరీని తినేస్తోంది, గొట్టం కారుతోంది, బరువుకి బండి ఘాటు రోడ్డు ఎక్కడం లేదు. "అన్నీ పీకెయ్యి వీరన్నా, పడుకోవడానికి ఒక చెక్క ఉంచు చాలు" అన్నాడు. పీకేశాను. ఆ చెక్క మీదే వారం రోజులు చిలికా ఒడ్డున హాయిగా నిద్రపోయానని తర్వాత ఫోను చేసి చెప్పాడు. అప్పట్నుంచి అలాంటివే అడుగుతున్నారు. ప్లైవుడ్డు చెక్క, దాని మీద కొబ్బరి పీచు పరుపు, దోమతెర, నీళ్ళ డబ్బా, చిన్న గ్యాసు పొయ్యి. అంతే. మరొక్కటి అడిగితే ఇంకో షెడ్డు చూసుకోమంటాను.

నా చెల్లెలు గురువమ్మ పొడంపేటలో ఉంటుంది. మేం పుట్టిన ఊరే. వల పట్టుకుంటే వాంతులయ్యేవని మా అయ్య నన్ను చిన్నప్పుడే బరంపురం తోలేశాడు గానీ, ఆమెని అక్కడే పైడన్నకిచ్చి చేశాడు. పైడన్న వేటకెళ్ళే మనిషి, మంచివాడు. ఆ ఊరిని సముద్రం వరసలు వరసలుగా తినేసింది. ముందు వలలు ఆరేసుకునే ఇసక పోయింది, తర్వాత మొదటి వరస ఇళ్ళు, తర్వాత రెండోది. గురువమ్మది మూడో వరస. ఒక తుపానుకి వంటగది పోయింది, మర్నాడు మిగిలిన గోడలు పోయాయి. మూడేళ్ళు మొగుడూ పెళ్ళాం బడి వరండాలో కొన్నాళ్ళు, సరుగుడు తోట పక్కన టార్పాలిను కింద కొన్నాళ్ళు బతికారు.

ఒకసారి గురువమ్మ తన వదిన కాసులమ్మని చూడ్డానికి వచ్చి షెడ్డులో ఆగింది. ఎవరిదో వ్యాను తయారై ఉంది. ఎక్కి చెక్క మీద కూర్చుంది, తలుపు లాక్కుంది. ఎంతసేపటికీ దిగలేదు. నేను తలుపు కొట్టాను.

"లోపల్నించి గడియ పడతాదేటన్నియ్యా ఇది?" అంది.

"పడతాది. ఏటి?"

"ఏటీ నేదు. గడియేసుకుని పడుకుని మూడేళ్ళయింది."

ఆ నెలలోనే ఒక బడివాళ్ళు మూలన పడేసిన పాత వ్యాను తుక్కు ధరకి కొన్నాను. అమ్మకం కాగితం నా పేరున రాయించుకున్నాను. సీట్లు పీకాను, చెక్క వేశాను, లోపల ఒకటికి రెండు గడియలు పెట్టాను. ఇంజను దగ్గుతూ దగ్గుతూ పొడంపేట దాకా వచ్చింది. సరుగుడు తోట పక్కన ఆపి, నా జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదనుకున్నాను.

పైడన్న మాత్రం ఎక్కనన్నాడు.

"పేరు నేకుండా ఎలాగెక్కుతాం బావా?"

"ఇదేటి పడవా?"

"మనిసి పడుకునీది ఏదైనా పడవే. పేరెట్టి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టందే గంగమ్మ ఊరుకోదు. ఇప్పటికే ఓ ఇల్లు అట్టుకుపోనాది."

మా వాళ్ళలో అదొక ఆచారం. కొత్త పడవని నీళ్ళలోకి తొయ్యాలంటే ముక్కున ఇంటి ఆడదాని పేరు రాయాలి. పడవ ఎవరి పెట్టుబడిదైనా సరే, పేరు మాత్రం ఆడదానిదే. నాకూ సంబరం అనిపించింది. ఎర్ర రంగు తెచ్చి వ్యాను ముందర తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి జానెడేసి అక్షరాలతో గురువమ్మ అని రాశాను. లారీల మీద రాసి రాసి నా ఒడియా అక్షరం గుండ్రంగా కుదురుతుంది. కొరివితో తల గోక్కుంటున్నానని ఎవడికి తెలుసు.

ఏడాది తిరిగేసరికి పొడంపేట వాళ్ళకి సముద్రానికి దూరంగా పక్కా ఇళ్ళ కాలనీ కడతామని సర్కారువాళ్ళు అన్నారు. ఇల్లు ఆడవాళ్ళ పేరునే ఇస్తారు. గురువమ్మ పేరు మొదటి జాబితాలోనే ఉంది. తర్వాత సర్వే బాబు వచ్చాడు. వ్యాను చుట్టూ తిరిగాడు, ముందరికెళ్ళి పేరు చదివాడు.

"గురువమ్మ ఎవరు?" అని ఒడియాలో అడిగాడట.

"చిత్తం బాబూ, మా ఇంటిదే" అని పైడన్న ఛాతీ విరుచుకుని చెప్పాడట. పడవ గురించి ఎవరడిగినా మావాళ్ళు అలాగే చెప్తారు.

రెండో జాబితాలో గురువమ్మ పేరు లేదు. కారణం గడిలో, నాలుగు చక్రాల వాహనం సొంతదారు అని రాసి ఉంది.

నేను ఉగ్రుడినైపోయాను. పడుకోవడానికి గూడు లేక తుక్కు బండిలో తలదాచుకుంటే, బండి ఉంది కాబట్టి గూడు లేదంటారా? గోరుచుట్టు మీద రోకలిపోటు ఇదే. అభ్యంతరాలు వినే రోజు ఒకటే పెట్టారు. పైడన్న వేటలో ఉన్నాడు. అమ్మకం కాగితం చొక్కా జేబులో పెట్టుకుని చెల్లెల్ని తీసుకుని బ్లాకు ఆఫీసుకి వెళ్ళాను. దారి పొడుగునా ఆఫీసరుని ఏమేం దులపాలో ఆమెకి వినిపించాను. బండి నాదని కాగితం బల్ల మీద కొడితే నోరు మూసుకుని పేరు ఎక్కిస్తాడన్నాను. ఆ పొద్దున్నే ఆసుపత్రి వాళ్ళు ఫోను చేశారు, కాసులమ్మకి వచ్చే నెల పదకొండో తారీఖున ఆపరేషను. ఆ మాట కూడా బస్సులోనే చెప్పాను. గురువమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

వరసలో మా ముందు కొడల అనే ఊరి నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. వాళ్ళ అమ్మ పేరు కొట్టేశారు, సరుకుల వ్యాను ఆమెది కాదు నాదేనని చెప్పాడు. ఆఫీసరు తలూపి అమ్మ పేరు ఎక్కించాడు. పక్క బల్ల దగ్గరున్న గుమాస్తా అతని కార్డు నంబరు అడిగి రాసుకున్నాడు.

"అది దేనికి?" అన్నాడతను.

"బండి ఉన్నవాళ్ళకి బీదల కార్డు ఉండదు. ఈ నెలాఖరుకి నీది పోతుంది."

అతను ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మమ్మల్ని పిలిచారు.

ఆఫీసరు దుర్మార్గుడైతే నాకు బాగుండేది. తిట్టి బయటికొచ్చేవాణ్ణి. ఆయన గురువమ్మని కుర్చీలో కూర్చోమన్నాడు, మెల్లగా మాట్లాడాడు.

"చూడమ్మా, నువ్వు బండి కొనలేవని నాకూ తెలుసు. కానీ నీ పేరు రాసి ఉందని సర్వేలో ఫోటో ఉంది. అది ఎవరిదో చెప్పు. ఆ మనిషి వచ్చి నాదని సంతకం పెడితే ఇప్పుడే నీ పేరు ఎక్కిస్తాను. సాయంత్రం జాబితా పైకి వెళ్ళిపోతుంది. మళ్ళీ జాబితా లేదు."

తర్వాత నావైపు చూశాడు. "మీరెవరు?"

"అన్నని" అన్నాను.

"బండి ఎవరిదో మీకు తెలుసా?"

కాగితం జేబులో ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. పక్క బల్ల దగ్గర గుమాస్తా పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నాడు. నాకు కాసులమ్మ కనిపించింది, మెట్ల మీద కూర్చుని రొప్పుతూ. పదకొండో తారీఖు ఎన్ని రోజులో లెక్కపెట్టుకున్నాను. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.

గురువమ్మ నా చేతిని చూసింది. గుమాస్తాని చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి ఒడియాలో స్పష్టంగా చెప్పింది.

"నాదే బాబూ. రాసుకో."

"ఆలోచించి చెప్పమ్మా."

"పేరు సదివినారు కదా. నాదే."

ఆయన కొట్టేసిన గీత మీద ఇంకో గీత గీసి, కింద ఆమెతో వేలిముద్ర వేయించాడు. ఆపాల్సిన వాణ్ణి నేనే. ఆపలేదు. ఆమె వేలికి అంటిన సిరా తుడుచుకోవడానికి గుడ్డ కూడా నేను ఇవ్వలేదు.

బయట బస్సు కోసం నిలబడ్డాం. ఇన్నేళ్ళలో నేను ఎంతమందిని ఎన్ని మాటలన్నానో, అవన్నీ కలిపి నన్ను నేను తిట్టుకున్నా చాలవు. నేల చీలితే బాగుండుననిపించింది. క్షమించమందామనుకున్నాను. క్షమించమంటే, బండి నాదేనని ఇప్పుడైనా లోపలికెళ్ళి చెప్పాలి కదా. ఆఫీసు తలుపు ఇరవై అడుగుల దూరంలో తెరిచే ఉంది.

"అన్నియ్యా" అంది. "పదకొండునే కదా వొదినకి?"

"ఆఁ."

"పిల్లలిద్దర్నీ నా కాడికి అంపీ. వొదిన లెగిసి తిరిగీదాకా నాను సూసుకుంటాను."

"వేనులో ఎలాగ సాలతాది?"

"ఆల్లు లోపల పడుకుంటారు. నానూ మీ బావా బైట పడుకుంటాం. మాకు అలవాటే కదా."

బస్సు వచ్చింది. ఎక్కే ముందు మళ్ళీ అడిగింది, పంపుతావు కదా అని. సిగ్గు లేకుండా సరే అన్నాను.