మీటరు చూడని వీధి

కాదమ్మా, మీ మామని పైకి లాగిన కాణ్నించి కాదు, ముందు అచ్చు సంగతి రాయి. ఇటుకకి అచ్చు ఉన్నట్టే మీ అత్త కంప్యూటర్లోనూ ఒకటుంది. టెంప్లేట్ అంటారట దాన్ని.

మీ అత్త టెలిఫోన్ కేబుళ్ల ఆఫీసులో కూర్చుని, వీధుల కింద ఏముందో కంప్యూటర్లో గీస్తుంది. ఒక మ్యాన్‌హోల్‌కి లోతు, గొట్టాలు, నిచ్చెన అన్నీ ఒకసారి నింపి టెంప్లేట్‌గా దాచుకుంటే చాలు, ఆ తర్వాత వీధి పొడవునా టకటకా దించేసుకోవచ్చు. పొద్దున్నే మీటరు మనిషి ముందు వెళ్లి, మూత తీసి, లోపలి గాలిలో విషం ఉందేమో మీటరుతో చూస్తాడు. బాగుంటే ఫోన్లోనే 'చూశాం' అని నొక్కుతాడు. తెరమీద ఆ మ్యాన్‌హోల్ పచ్చబడుతుంది. పచ్చబడితేనే కేబుల్ వాళ్లు దిగాలి. ఆ దిగేవాళ్లలో మీ మామ ఒకడు.

ఆవేళ బయల్దేరుతూ మామ ఎప్పటిలాగే వేళాకోళమాడాడు.

"నువ్వు గీసే గోతిలోకే దిగుతానోయ్. నిచ్చెన గట్టిగా గియ్యి."

"నీ బరువుకి రెండు గీస్తాలే, వెళ్లు" అంది అత్త.

ఆఫీసుకొచ్చి కొత్త వీధి పని మొదలుపెట్టింది. పక్కవీధి మ్యాన్‌హోల్ ఒకటి ముచ్చటగా, లోటు లేకుండా ఉంది. దాన్నే టెంప్లేట్ చేసి కొత్త వీధంతా దించేసింది. పని తొందరగా తెమిలిందని టీ తెప్పించుకుంది.

టీ సగంలో ఉండగా మీటరు మనిషి లోపలికొచ్చాడు.

"మీటర్లో బ్యాటరీ అయిపోయిందక్కా. వేరేది వేసుకుని కొత్త వీధికి పోతా."

"ఇంకా పోలేదా నువ్వు?"

"ఎగిరిపోడానికి నాకేమన్నా రెక్కలున్నాయా?"

అత్త తెరవైపు చూసింది. కొత్త వీధి మొత్తం పచ్చగా ఉంది. ఆవేళ మామ వాళ్లు దిగాల్సింది ఆ వీధిలోనే.

పక్కవీధి మ్యాన్‌హోల్‌ని ఇతను పొద్దున్నే చూశాడు. ఆ 'చూశాం' అన్న మాట తుడవకుండానే ఆమె టెంప్లేట్ చేసింది. లోతుతోపాటు, నిచ్చెనతోపాటు అదీ ప్రతి గోతికీ దిగిపోయింది.

మామకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది. ఆ మనిషి ఫోన్ నేలమీద ఉన్నంతసేపూ మోగుతుంది. మోగలేదంటే లోపల ఉన్నాడన్నమాట. "బండి తియ్యి" అంటూ మీటరు మనిషి చొక్కా పట్టుకుని లాగింది.

వీధిలో మూత పక్కకి తీసి ఉంది. మామతో పనిచేసే పొడుగాయన తాడు పట్టుకుని గోతిలోకి వంగి ఉన్నాడు.

"అన్నా! పలకవేంటన్నా? నిద్రపోతున్నావా?"

కిందనుంచి ఏదో ముద్దముద్దగా వినబడింది. పొడుగాయన నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు.

"దిగొద్దు!" అని అరుస్తూ మీటరు మనిషి మీటర్ని లోపలికి వదిలాడు. అది దిగీ దిగకముందే కీచుమని మొత్తుకుంది.

ముగ్గురూ కలిసి తాడు లాగారు. నడుము పట్టీకి కట్టిన ఆ తాడుతో మామ గోనెసంచిలా పైకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పేవ్‌మెంట్ మీద పడుకోబెడితే చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"నిచ్చెన బానే గీశావే" అన్నాడు.

అత్త నవ్వలేదు. ఇంకో సంగతి అప్పుడే గుర్తొచ్చింది. ఆ టెంప్లేట్‌ని అందరూ వాడుకునే చోట పెట్టింది. వేరే ఊళ్ల ఆఫీసులు కూడా తీసుకుని ఉంటాయి.

మామని ఆసుపత్రిలో పడుకోబెట్టి, వరండాలో నిలబడి ఒక్కో ఆఫీసుకీ ఫోన్ చేసింది. తీసుకున్నవాళ్లలో, వేరే ఊరి ఆఫీసులో ఇదే పని చేసే మీ అన్న కూడా ఉన్నాడు.

"ఆ టెంప్లేట్ తీసేశాలే అత్తా, కంగారుపడకు" అని నవ్వాడట వాడు.

అచ్చు విరగ్గొడితే కట్టిన గోడలోంచి ఇటుకలు ఊడొస్తాయా? వాడు దించినవన్నీ అక్కడే ఉంటాయి, పచ్చగా. ఒక్కొక్కటీ తెరిచి తుడవాలని మీ అత్త చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నువ్వు చేస్తే ఎత్తుతాడు కదా.

రేపు వాళ్ల మనుషులు దిగకముందే వాడికిది చదివి వినిపించమ్మా. అన్నీ తెరిచి తుడిచావా అని అడుగు. నవ్వాడంటే మళ్లీ మొదట్నుంచి చదువు.