మేనేజరుగారి చేతి వేడి

నా మనవరాలు వెనిగర్ ఫ్యాక్టరీలో, పరీక్షగదిలో పనిచేస్తుంది. అక్కడ పులుపు కొలిచే పెద్ద యంత్రం చెడిపోయింది. బాగుచేయించడం దండగ, గది మూసేసి సరుకు బయట పరీక్ష చేయిద్దామన్నాడు మేనేజరు. గది మూస్తే దీని ఉద్యోగమూ మూసినట్టే. అందుకని ఇది నిద్రాహారాలు మాని, బజార్లో చవగ్గా దొరికే ఆవగింజంత పూసనొకదాన్ని తీగతో కంప్యూటరుకు తగిలించింది. ఆ పూస వేడిని కనిపెడుతుందట. వెనిగర్‌లో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే వేడి పుట్టి, తెరమీద గీత పైకి పాకుతుంది. పులుపు అయిపోగానే గీత వంగుతుంది. ఎన్ని చుక్కలకు వంగిందో చూస్తే పులుపెంతో తేలిపోతుందట. చెప్పీ చెప్పీ దాని నోరు నొప్పిపుట్టింది, వినీ వినీ నాకు వంటబట్టింది.

మేనేజరు చూస్తానన్న రోజు అది తినకుండా వెళ్ళిపోతే, అన్నం డబ్బాతో నేనూ వెళ్ళాను. బయట పరీక్ష చేయించిన సీసానే తెచ్చాడాయన. ఫలితం మాత్రం చెప్పలేదు.

"ఈ బొమ్మలాటకేనా ఇంత హడావిడి?" అంటూ, థర్మోకోల్ గూట్లోని గ్లాసును పైకి తీసి, చుక్కలు పడుతుండగానే గుప్పిట్లో పట్టుకుని చూశాడు.

గీత పాకింది. పాకుతూనే ఉంది.

"వంగుతుందన్నావు? ఇది అటకెక్కేలా ఉందే! చాల్లే, సర్దెయ్."

మనవరాలు గోడకు చేరగిలబడింది. ఆయనకు ఎదురు చెప్పడమంటే పులి మీసం లాగడమేనని అక్కడ అందరికీ తెలుసు.

"సార్, గ్లాసు గూట్లో పెట్టేయండి. అది పులుపు వేడి కాదు, మీ చేతి వేడి" అనేసింది మనవరాలు.

"నా చేతికేమొచ్చింది?"

"ఏమీ రాలేదు సార్. బతికున్న మనిషి చెయ్యి, వెచ్చగానే ఉంటుంది."

"నిద్రలేక అలా అంది నాయనా, ఏమీ అనుకోకు" అని నేను సర్దబోయాను.

"ఉండండి మామ్మగారూ" అన్నాడాయన. "మళ్ళీ చెయ్యి, చూద్దాం."

మనవరాలు గ్లాసు కడిగి, అదే సీసాలోంచి మళ్ళీ వెనిగర్ పోసి, గూట్లో పెట్టింది. అన్నీ గది వేడికి సర్దుకునేదాకా ముగ్గురం కూర్చున్నాం. మేనేజరు చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు.

ఈసారి గీత పాకి, పాకి, వంగింది. మనవరాలు లెక్క చెప్పింది. ఆయన ఫోన్‌లో చూసుకున్నాడు.

"సరిపోయింది. గది ఉంటుంది. రేపటి నుంచి అన్ని షిఫ్టుల సరుకూ నువ్వే చూడు."

"అంతా నేనేనా సార్?"

"చవకదే కదా, ఇంకోటి చేసుకో!"

ఆయన వెళ్ళగానే అది బల్లమీద వాలిపోయింది.

"లేవే తల్లీ, ఒక్క ముద్ద తిను."

"నమిలే ఓపిక లేదమ్మమ్మా."

కలిపి నోట్లో పెట్టాను. కళ్ళు మూసుకునే నమిలింది.

"ఉద్యోగం నిలబడిందిగా, కాస్త నవ్వవే."

"రేపు నవ్వుతాలే" అంది.