నాకూ రాని తాళం

ఇదంతా మూడో అంతస్తు బీమా ఏజెంటుగారి చెప్పులతో మొదలైంది. ఆయన గుమ్మం వైపు విడిచిన చెప్పులు పొద్దున లేచేసరికి గోడ వైపు తిరిగి ఉన్నాయట. ఇల్లంతా వెతుక్కుంటే ఏమీ పోలేదు. ఏదైనా పోయి ఉంటే బాగుండేది, దొంగ వచ్చాడు వెళ్లాడు అనుకుని ఊరుకునేవాళ్లు. ఏమీ తీసుకోకుండా వెళ్లినవాడు మళ్లీ వస్తాడనే కదా ఎవరైనా అనుకునేది! వారం తిరిగేసరికి మా భవనంలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కదిలింది. ఒకరింట్లో గిన్నె మీద మూత, ఇంకొకరింట్లో గోడ గడియారం. నాలుగో అంతస్తు ఆవిడకైతే ఎవరూ పడుకోని దిండు మీద గుంట కనబడింది.

నేను తాళాలవాణ్ణి. ఆ భవనం కిందే నా షాపు, దాని వెనక ఒక గది, వంటిల్లు. ఉండేది నేనూ మా ఆవిడా. దాచడం ఎందుకు, జనం అలా హడలిపోతుంటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండింది. చేతినిండా పని.

అమ్ముకోవడంలో నాకో పద్ధతి ఉంది. "మా తాళం గట్టిదేనా?" అని ఎవరైనా అడిగితే నోటితో జవాబు చెప్పను. తాళం వేయమంటాను. జేబులోంచి రెండు సన్నటి ఊచలు తీసి, వాళ్లు ఇరవై లెక్కపెట్టేలోగా వాళ్ల కళ్లముందే తెరుస్తాను. అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు! అక్కడికక్కడే ఇనుప గ్రిల్లు తలుపు, దానికి కొత్త రకం తాళం పెట్టించుకునేవాళ్లు. "ఇది మాత్రం నాకూ రాదండీ" అని భరోసా ఇచ్చేవాణ్ణి. అది పచ్చి అబద్ధం. కొత్త తాళానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. అమ్ముకునేవాడు ఆ మాత్రం కూడా అనకపోతే ఎలా?

పద్నాలుగు ఇళ్లకు బిగించాను. పదిహేనో ఇంటికి ఎవరూ పిలవలేదు. నేను మెట్లెక్కుతుంటే తలుపులు ముందే మూసుకుంటున్నాయి. పలకరిస్తే ముఖం చాటేస్తున్నారు. నేను ఎప్పుడు పైకెళ్లానో, ఎప్పుడు దిగానో ఎవరో పుస్తకంలో రాస్తున్నారని మా ఆవిడ చెవిన పడింది. నాకూ అనుమానం పట్టుకుంది. ఆ చెప్పుల ఏజెంటు అదే వారంలో భవనంలో ఎంతమంది చేత దొంగతనం పాలసీలు కట్టించాడో నాకు తెలుసు. కానీ నా మాట వినేదెవరు?

శుక్రవారం భవనం కార్యదర్శి షాపుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పుగా అనుకోకు. మా పాత తాళాలన్నీ చిటికెలో తీసి చూపించావు. అంటే ఇన్నాళ్లూ ఎవరి ఇంట్లోకైనా వెళ్లగలిగేవాడివి నువ్వొక్కడివే కదా? ఆదివారం మీటింగు పెట్టారు. షాపూ గదీ ఖాళీ చేయించమంటున్నారు."

"కొత్తవి నాకూ రావని చెప్పాను కదండీ!"

"ఆ ఒక్క మాటే నిన్ను కాపాడుతోంది. అదీ అబద్ధమని తేలిందా, ఇక నావల్ల కాదు."

ఇరవై రెండేళ్ల షాపు. వేరేచోటికి వెళ్లినా అక్కడి వాళ్లు ఎందుకు వచ్చేశావని అడుగుతారు. దొంగ అనే పేరు పడ్డ తాళాలవాడి చేతికి తాళం ఎవరిస్తారు? రెండు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రెండో అంతస్తు నుంచి మెట్ల మీదికి నీళ్లు కారడం మొదలైంది. అది రిటైరైన లెక్కల టీచరమ్మ ఇల్లు. ఒంటరి మనిషి. మొన్న మొన్నటిదాకా ఆవిడ రెండో తాళంచెవి మా వంటింట్లో మేకుకు వేలాడుతుండేది. సాయంత్రం పూట మా ఆవిడ వెళ్లి మాత్రలు వేసి, కాసేపు కబుర్లు చెప్పి వచ్చేది. కొత్త తాళం పెట్టించుకున్నాక టీచరమ్మ తాళంచెవులు రెండూ తన దగ్గరే ఉంచుకుంది. "నా అనుమానం నీ మీద కాదమ్మా, ఆ మేకు మీద" అందట.

అందరం పరుగెత్తాం. లోపల్నుంచి మూలుగు వినబడుతోంది. గ్రిల్లుకు దోమతెర, దాని వెనక పరదా. ఏమీ కనబడటం లేదు. పగలగొడదామంటే ఇనుము. వెల్డింగు అతనికి ఫోన్ చేస్తే రావడానికి గంట పడుతుందన్నాడు. అందరూ నావైపు తిరిగారు.

"నీకూ రాదన్నావుగా ఈ తాళం?" అన్నాడు బీమా ఏజెంటు. మామూలుగానే అడిగాడు. అయినా నాకు కార్యదర్శి అన్న మాటే గుర్తొచ్చింది.

"రాదు. ప్రయత్నిస్తాను" అన్నాను.

నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని ఊచలు పెట్టాను. వెనక పాతికమంది ఊపిరి బిగబట్టి నా చేతులనే చూస్తున్నారు. ఆ చేతులకు భయం తెలియదు, పని తెలుసు. లోపలి పిన్నులు ఒక్కొక్కటే లేచాయి. రెండు నిమిషాలు కూడా కాకుండానే తాళం కదిలింది. చిన్న చప్పుడు. తోస్తే తలుపు వచ్చేస్తుంది.

నేను తోయలేదు. తిప్పిన ఊచను వెనక్కి వదిలేశాను. తాళం మళ్లీ పడింది.

ఆ తర్వాత చేసిందంతా నాటకం. ఊచ వంగిందన్నాను. తాళం చేసినవాణ్ణి తిట్టాను. ఇంకో పనిముట్టు కావాలని కిందికి దిగి, మళ్లీ ఎక్కాను. చెమట మాత్రం నిజమే, ధారగా కారింది. "పాపం, అతని వల్ల కూడా కావడం లేదు" అని వెనక ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడగానే నా ప్రాణం కుదుటపడింది. ఇంకాసేపు లాగాను. ఇంతలో లోపల మూలుగు ఆగిపోయింది. అప్పుడు తెరిచాను. అప్పటికి ముప్పావుగంట అయింది.

టీచరమ్మ స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. పక్షవాతం. బతికింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట. ఆ ముక్క ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి చెప్పింది బీమా ఏజెంటే. చెప్పి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నువ్వేం చేస్తావులే. నీకు చేతనైనంత చేశావు. కళ్లారా చూశాం కదా."

సాయంత్రం మీటింగు పది నిమిషాల్లో ముగిసింది. నేను ఇక్కడే ఉండాలని అందరూ చేతులెత్తారు. కార్యదర్శి భుజం తట్టాడు. నాలుగో అంతస్తు ఆవిడ తన గ్రిల్లుకు ఇంకో తాళం కావాలంది, సరిగ్గా అలాంటిదే.

గదిలోకి వచ్చేసరికి మా ఆవిడ దీపం వేయకుండా కూర్చుని ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నా పక్కన కూర్చుని తాళంచెవులకు ఆకురాయి పట్టిన మనిషి.

"ఉండమన్నారు" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినబడింది.

"మొదట్లోనే వచ్చింది కదండీ తాళం?" అంది.

నేను జేబులోంచి ఊచలు తీసి బల్ల మీద పెట్టాను.

"చప్పుడు విన్నాను. మీ వెనకే ఉన్నాను. మళ్లీ పడిన చప్పుడూ విన్నాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను కోపంగా. నా తప్పులో ఆమెకూ వాటా అంటగట్టాలని చూశాను.

"చెబితే మనల్ని వెళ్లగొడతారని భయమేసింది" అంది. చాలాసేపు ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్తే చెయ్యి తోసేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూసి అడిగింది. "రేపు నేను లోపల పడిపోతే, బయట ఎవరెవరున్నారో చూసుకునే తీస్తారా?"

ఎందుకలా అడుగుతావని కసిరాను. నువ్వూ ఆ టీచరమ్మా ఒకటేనా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక, వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

ఇప్పుడు మా భవనంలో ప్రతి తలుపుకూ రెండేసి తాళాలు, అన్నీ నేను బిగించినవే. మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టుకోవడం లేదు.