మాత్ర రంగు తలుపు

మా ఇంటి తలుపు రంగు ఏ షాపులోనూ దొరకదు. కలిపింది నేనే. పదకొండేళ్ల కిందట ఓ షాపు బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాను. రెండు ఆపరేషన్లయినా నిలబడలేకపోతే డాక్టరమ్మ గట్టి నొప్పి మాత్రలు రాసింది. నల్లమందు జాతివి. పొద్దున రెండు, సాయంత్రం రెండు. వాటి పుణ్యమా అని మళ్లీ కుంచె పట్టాను. ఆ సంబరంలో మాత్రను పక్కన పెట్టుకుని, తెలుపులో ఎరుపు చుక్క, పసుపు నలుసు కలిపి, అచ్చం ఆ గులాబీ రంగే తెచ్చి తలుపుకి వేశాను. ఏటా అదే వేస్తాను.

"మాత్రని ఇంటిదాన్ని చేసుకున్నావు బావా, మరి మా అక్క ఎక్కడుండాలి?" అనేవాడు బావమరిది.

ఏడు గళ్ల డబ్బాలో మాత్రలు సర్దేది మా ఆవిడే. నేను తీసి మింగడమే.

మొన్నటిసారి డాక్టరమ్మ, "వయసు మీద పడుతోంది. కొంచెం కొంచెంగా, నెలల మీద తగ్గిద్దాం," అంది. "ఈ సీజను పనులు కానివ్వండమ్మా," అని దాటేశాను. పక్కనే ఉన్న మా ఆవిడ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

వారం తర్వాత ఓ పొద్దున చేతిలోకి తీసుకున్న మాత్ర పిసరంత పసుపు ఎక్కువగా తోచింది. ముప్పై ఏళ్లు రంగులతో కాపురం చేసిన కన్ను నాది. అయినా సర్దింది పెళ్లాం. కన్నే పొరపడిందనుకుని మింగేశాను.

మర్నాటికి ఒకటే ఆవలింతలు. కళ్లలో, ముక్కులో నీళ్లు. ఒళ్లంతా గగుర్పాటు, గుండె దడ. విరేచనాలు పట్టుకున్నాయి. కాళ్లు పరుపు మీద నిలవవు, నిద్ర సంగతి దేవుడెరుగు. నడుములో పాత నొప్పి అసలూ వడ్డీతో సహా తిరిగొచ్చింది.

"విషజ్వరం లెండి, నాలుగు రోజుల్లో అదే పోతుంది," అంటూ మా ఆవిడ వేణ్ణీళ్లిచ్చింది, దుప్పటి కప్పింది, కాళ్లు పిసికింది.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణే!" అన్నాను.

మొహం తిప్పుకుంది.

విరేచనాలు తగ్గాయి గానీ నొప్పి, నిద్రలేమి వదల్లేదు. బట్టల షాపు బోర్డు మీద అక్షరాలు పాకే పురుగుల్లా వచ్చాయి. షాపాయన, "రంగులాయనా, ఇంక నువ్వు విశ్రాంతి తీసుకో," అన్నాడు మెత్తగా. తిట్టినా బాగుండేది.

ఇరవయ్యో రోజు పొద్దున మాత్ర పుచ్చుకుని గుమ్మంలో కూలబడ్డాను. ఎండ తలుపు మీద పడుతోంది. ఎందుకో మాత్రను తలుపుకి ఆనించాను. రంగు కలవలేదు. మా ఆవిడని కేకేశాను.

"ఇదేంటి?"

"మాత్రే కదండీ."

"ఏం మాత్ర?"

చీర కొంగు వేలికి చుట్టుకుంది. "విటమిన్."

"ఎన్నాళ్లనుంచి?"

"మీరు మానరండీ! సీజను, సీజను అంటూ ఏళ్లు గడిపేస్తారు. వీటితో నిద్రలోనే పోతారని ఫోన్‌లో చూశాను. చెబితే ఒప్పుకుంటారా? నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుందనుకున్నాను."

"ఓర్చుకుంది ఎవరే? నేను గిలగిల్లాడుతుంటే విషజ్వరమన్నావే!"

అరుపులకి వెనకవాటాలోంచి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. గుండీల డబ్బా అడుగున దాచిన అసలు మాత్రలు తెచ్చి ఆవిడ నా ముందు పెట్టింది. రెండు పూటలవీ కలిపి నాలుగు అరచేతిలో పోసుకున్నాను. బావమరిది నా మణికట్టు ఒడిసిపట్టి, రెండో చేత్తో డాక్టరమ్మకి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి సంగతి చెప్పాడు.

"ఒక్కటి కూడా నోట్లో పెట్టనివ్వకండి!" అంది ఫోన్‌లో డాక్టరమ్మ. "ఇన్నాళ్లు మానేస్తే ఒళ్లు పాత మోతాదుని తట్టుకోలేదు. ఊపిరి ఆగిపోతుంది. వెంటనే తీసుకురండి."

"మానెయ్యడం మంచిదే కదమ్మా?" అంది మా ఆవిడ సన్నగా.

"మెట్ల మీంచి దించడం వేరు, మేడ మీంచి తోసెయ్యడం వేరు. ఇలా ఉన్నపళంగా ఆపేస్తే బాధ తాళలేక ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు."

నేను నేల చూపులు చూశాను. అంతకు రెండు రోజుల ముందు నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, ఈసారి సరిగ్గా పడాలి అనుకున్న సంగతి మా ఆవిడకి ఈనాటికీ తెలియదు.

ఆస్పత్రిలో రెండు రోజులు దగ్గరుంచుకుని, పాతదాంట్లో పావు వంతుతో మళ్లీ మొదలుపెట్టారు. ఇక ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నా ముందు నాతో మాట్లాడతారు. డబ్బా నేనే సర్దుకుంటున్నాను. రోజూ పొద్దున మాత్రను తలుపుకి ఆనించి చూశాకే మింగుతాను.

"నేను ముట్టుకోవడం లేదు కదండీ. ఇంకా నమ్మకం రాలేదా?" అంది నిన్న.

"తలుపు సరేనంటోంది," అన్నాను.

"ఈ ఏడు వేరే రంగు వేద్దామండీ."

"మాత్రలు అయిపోనీ," అని నీళ్ల గ్లాసు అందుకున్నాను. ఇచ్చింది. గ్లాసు ఎండలోకి ఎత్తి చూసుకుని తాగాను.