అందరి చేతులూ లేచాయి

గురువారంలోపు ఇంగ్లీషు టీచరు ఇన్నా చెయ్యవలసిన పనులు ఇవి. తరగతి గది కిటికీ తెరలు ఇంటికి తెచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ తగిలించాలి. నలభై అట్టముక్కలు కత్తిరించి ఒకవైపు రష్యన్ మాట, రెండోవైపు ఇంగ్లీషు మాట రాయాలి. పెద్ద ఊరి నుంచి తనిఖీకి వచ్చే కమిషన్‌కి టీతోపాటు పెట్టడానికి క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టెలు రెండు పళ్ళాలు కాల్చాలి. భర్త గ్లెబ్ షిఫ్టు చొక్కాలు ఉతకాలి. అత్తగారికి బీపీ మాత్రలు తేవాలి. నేలమాళిగలోంచి బంగాళాదుంపలు పైకి చేర్చాలి. ఉల్యాతో మాట్లాడాలి.

బుధవారం మధ్యాహ్నానికి చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

గురువారం బహిరంగ పాఠం. వెనక బల్లల మీద కమిషన్ కూర్చుంటుంది, ముందు ఇన్నా ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. పాఠం పేరు ‘పిల్లల పెంపకం, చదువు’. ప్రోత్సాహం, గారాబం, శిక్ష, ఓర్పు, ఇలా నలభై మాటలు. ఒక్కో మాటకీ ఒక్కో వాక్యం ఇన్నాయే రాసింది, పిల్లలు బట్టీ పట్టారు. బహిరంగ పాఠాన్ని రెండుసార్లు ముందే చెప్పేసి, మూడోసారి అప్పుడే మొదలుపెట్టినట్టు చెప్పడం ఆ ఊళ్ళో అందరూ చేసేదే. అందులో ఇంకో కిటుకు ఉంది. ప్రశ్న అడగగానే తరగతి అంతా చేతులెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచే పిలుస్తుంది. వెనక నుంచి చూసేవాళ్ళకి చేతుల అడవి కనబడుతుంది, అంతే.

ఆ తరగతిలోనే ఇన్నా కూతురు ఉల్యా ఉంది. పన్నెండేళ్ళు. నత్తి. బడిలో తల్లిని అందరిలాగే, ఆమె తండ్రి పేరు కలిపి ‘ఇన్నా గెన్నాద్యెవ్నా’ అని పిలవాలి. ఆ పేరు మొత్తం పలికేసరికి పిల్లకి మెడ నరాలు పొంగేవి. అందుకని బడిలో తల్లిని పిలవడమే మానేసింది.

వారం కిందట ఉపప్రధానోపాధ్యాయిని నెల్లీ ఫ్యోదరొవ్నా స్టాఫ్ రూములో టీ కలుపుతూ అంది.

“మీ అమ్మాయికి గురువారం కాస్త జలుబు చేస్తే బాగుంటుంది, ఇన్నా గెన్నాద్యెవ్నా.”

“జలుబా?”

“మిగతా టీచర్లు మందకొడి పిల్లల్ని ఇంట్లో ఉంచమనడంలేదూ? మీరూ తల్లే కదా, మీకు నేను చెప్పాలా.”

పాల డిపోలో క్యాన్లు కడిగిన మనిషి కూతురు ఇన్నా. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పై వాళ్ళు చెప్పినదానికి ఎదురాడే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. అయినా ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, “కూర్చోనివ్వండి. ఎడమ చెయ్యే ఎత్తుతుంది,” అంది. నెల్లీ ఫ్యోదరొవ్నా చెంచా పక్కన పెట్టి, “మీ బాధ్యత,” అంది.

ఈ సంగతి బుధవారం ఇంట్లో చెబితే అత్తగారు నిట్టూర్చింది. “ఊరందరి పిల్లల్నీ ఎలా పెంచాలో నేర్పుతావు. సొంత పిల్ల నోరు మాత్రం తిన్నగా చెయ్యలేకపోయావు. మా వంశంలో ఎవరికైనా ఉందా ఈ నత్తి? కడుపుతో ఉన్నప్పుడు నువ్వా ఇంగ్లీషు కుక్కుకున్నావే, అప్పుడు మెలిపడ్డది దాని నాలుక.”

గ్లెబ్ సోఫాలోంచి లేవకుండానే అన్నాడు. “నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చెయ్యకు దాన్ని. ఇంతకీ టీచరమ్మగారూ, ఆ పిరోగ్ అంతా కమిషన్‌కేనా, మొగుడికేమైనా మిగులుతుందా?”

ఇన్నా ఒక ముక్క కోసి పళ్ళెంలో పెట్టి అందించింది. అందిస్తూనే అనుకుంది, ఈ మనిషి పిల్లతో చివరిసారి మాట పూర్తయ్యేదాకా కూర్చుని విన్నదెప్పుడు? వెంటనే ఇంకో ప్రశ్న తోసుకొచ్చింది. మరి నేనో? పొద్దున జడ వేస్తూ, “ఊఁ, చెప్పు, తొందరగా,” అంటాను. సగం మాట పిల్ల నోట్లో ఉండగానే మిగతా సగం నేనే అనేస్తాను. టైమ్ లేదు మరి. టైమ్ ఎవరు తిన్నారంటే ఎవరి పేరు చెప్పాలి? తెరలూ, అట్టముక్కలూ, బంగాళాదుంపలూ, ఇవేగా.

బుధవారం సాయంత్రం గిన్నెలు తోముతుంటే స్నానాల గదిలో కుళాయి ఆగకుండా పారుతోంది. కట్టెయ్యమని చెప్పడానికి తలుపు దాకా వెళ్ళింది. లోపల ఉల్యా ఇంగ్లీషులో చెబుతోంది: “మా అమ్మకు ఓర్పు ఎక్కువ. నేను చెప్పేది పూర్తయ్యేదాకా వింటుంది.” ఎక్కడా తడబాటు లేదు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ. ఓర్పు అన్న మాటకి ఇన్నా రాసిన వాక్యం అది. తలుపు కొట్టి లోపలికి వెళ్ళి పిల్లని పొట్టకి అదుముకోవాలనిపించింది. కానీ వెళ్తే మాట్లాడాలి, మాట్లాడితే ఎడమ చెయ్యి సంగతి చెప్పాలి. తడిచేతులతో అలాగే నిలబడి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. ఎడమ చెయ్యే ఎత్తమని మర్నాడు పొద్దున బడికి నడుస్తూ చెప్పింది, పిల్ల మొహం చూడకుండా.

పాఠం మొదలైంది. వెనక ముగ్గురు కమిషన్ వాళ్ళు, వాళ్ళ పక్కన నెల్లీ ఫ్యోదరొవ్నా, చేతిలో పెన్ను. ‘ప్రోత్సాహం’ అట్ట ఎత్తగానే ఇరవై నాలుగు చేతులు లేచాయి. మూడో వరుసలో కిటికీ పక్కన ఉల్యా. కుడి చెయ్యి.

పొరపాటున ఎత్తిందేమో అనుకుంది ఇన్నా. అనుకోవడం తేలిక. కుడి చేతుల్లోంచి కాత్యా అనే పిల్లని పిలిచింది.

‘గారాబం’. కుడి చెయ్యే. ‘శిక్ష’. కుడి చెయ్యే. ‘ఓర్పు’ అట్ట ఎత్తేసరికి పిల్ల చెయ్యి భుజం ఊడిపోయేంత పైకి సాగింది. కళ్ళు తల్లి మీదే ఉన్నాయి. నెల్లీ ఫ్యోదరొవ్నా పెన్ను ఆగింది. ఒక్క పేరు పలకాలి, అంతే. నోరు తెరిచింది ఇన్నా. ఆ క్షణంలో నత్తి ఎవరిదో ఆమెకే తెలియలేదు.

“తిమొఫే,” అంది.

తిమొఫే లేచి, తన తల్లికి ఎంత ఓర్పో ఒక్క గుక్కలో అప్పజెప్పాడు. తర్వాతి మాటకీ కుడి చెయ్యే లేచింది, సగం దాకా. ఆ తర్వాతి మాటకి ఉల్యా ఎడమ చెయ్యి ఎత్తింది. ఇక పాఠం అయ్యేదాకా ఎడమ చెయ్యే.

“ఎంత చురుకైన తరగతి! ఒక్క పిల్లా వెనకబడలేదు,” అన్నారు కమిషన్ వాళ్ళు, పిరోగ్ తింటూ.

ఇంటికి రాగానే అత్తగారు అడిగింది, “దాని నత్తి బయటపడలేదు కదా?”

“లేదత్తయ్యా.”

“బతికించావు తల్లీ.”

ఉల్యా గదిలో పుస్తకాలు సర్దుకుంటోంది. ఇన్నా పక్కన కూర్చుంది. “ఇప్పుడు చెప్పు బంగారం, ఆ ఓర్పు వాక్యం. నేను వింటాను.”

“వ-వద్దమ్మా. పాఠం అ-అయిపోయిందిగా.”

విసుగు లేదు ఆ గొంతులో. తల్లిని ఇబ్బంది పెట్టకూడదనే తాపత్రయమే ఉంది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఇన్నాకి తెలుసు. లేచి వంటగదిలోకి వచ్చేసింది.

బహిరంగ పాఠం చెప్పిన టీచరు ఆ రోజే స్వీయ విశ్లేషణ రాసి ఇవ్వాలి. అది ఫైల్లోకీ, ఫైలు బీరువాలోకీ వెళుతుంది. పదకొండేళ్ళలో దాన్ని ఎవరైనా తెరిచి చదివినట్టు ఇన్నా వినలేదు. బల్ల మీద బంగాళాదుంప తొక్కలు పక్కకి నెట్టి కాగితం పరిచింది. ‘లక్ష్యం నెరవేరిందా?’ అన్నచోట ప్రతిసారీ రాసేదే రాసింది. ‘పిల్లలందరూ పాల్గొన్నారా?’ అన్నచోట కలం ఆగింది. అవతల గదిలోంచి గ్లెబ్, “అన్నం పెడతావా, అదీ కమిషనే పెట్టాలా?” అని అరిచాడు. ఆమె రాసింది.

‘లేదు. మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల అయిదుసార్లు కుడి చెయ్యి ఎత్తింది. మా బడిలో కుడి చెయ్యి ఎత్తితే జవాబు వచ్చునని అర్థం. నేను చూశాను. పిలవలేదు. పిల్ల పేరు ఉల్యానా గోరెలొవా. ఈ కాగితం ఎప్పుడైనా, ఎవరి చేతికైనా వస్తే, దయచేసి ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి.’