గేటు దగ్గర అనకూడని మాట

పొద్దున్నే అతను ఆసుపత్రి నుంచి వస్తాడు, ఆమె ఆఫీసుకి బయల్దేరుతుంది. ఇద్దరూ ఎదురుపడేది తోట గేటు దగ్గర. సాయంత్రం మళ్ళీ అక్కడే, ఈసారి ఆమె లోపలికి, అతను బయటికి. అతనిది నర్సు ఉద్యోగం, ఏడాదిలో ఎక్కువ భాగం రాత్రి డ్యూటీయే. ఆమె ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. ఇద్దరి ఉద్యోగాల మధ్య ఒకటిన్నర ఎకరం తోట, ఆరు మేకలు, కొన్ని కోళ్ళు, వల కింద టమాటా నారు. వీటన్నిటి మీదా ఒక కన్నేసి ఉంచడానికి వరండాలో అత్తయ్య.

గేటు దగ్గర వాళ్ళు మాట్లాడుకునేది మేకల గురించే. అదీ ఒక వరసలో. మేకల్ని తెచ్చిన కొత్తలో ఒక సాయంత్రం అతను డ్యూటీకి వెళ్ళే హడావుడిలో "అన్నీ బాగానే ఉన్నాయి" అనేసి బస్సెక్కేశాడు. ఆ మాట నమ్మి ఆమె కొట్టంలోకి ఆలస్యంగా వెళ్ళింది. వెళ్ళేసరికి ఒక పిల్ల పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగిపోయి ఉంది. అది మధ్యాహ్నం నుంచి పాలు సరిగ్గా తాగడం లేదని అతనికి తెలుసు. చెప్పలేదంతే. పిల్ల బతికింది గానీ, మర్నాడు అతను ఆమెని గేటు దగ్గర ఆపాడు. వార్డులో ఇలా చెప్పి వచ్చుంటే మళ్ళీ రానిచ్చేవాళ్ళు కాదన్నాడు. ఒక నర్సు ఇంకొక నర్సుకి రోగుల్ని ఎలా అప్పగిస్తారో అప్పుడే ఆమెకి నేర్పాడు. ఎవరు? ఏమైంది? నీకేమనిపిస్తోంది? నేనేం చెయ్యాలి? ఈ నాలుగూ చెప్పకుండా ఎవరూ కదలకూడదు. "బాగానే ఉంది" అని మాత్రం అనకూడదు. ఆ మాట వింటే చెప్పాల్సిందంతా చెప్పేసినట్టుంటుంది, నిజానికి ఏమీ చెప్పినట్టు కాదు.

అప్పట్నుంచీ ఇద్దరూ ఆ వరస తప్పలేదు. పక్కింటావిడ వస్తే అత్తయ్యకి ఇదో కాలక్షేపం. "మొగుడూ పెళ్ళాం గేటు దగ్గర గుసగుసలాడుతుంటే ఏం ముచ్చటో అని చెవులు రిక్కిస్తాను. తీరా వింటే మేక పెంటికలు గట్టిగా ఉన్నాయా మెత్తగా ఉన్నాయా అని. కాపురం కాదమ్మా ఇది, పశువుల ఆసుపత్రి" అంటుంది.

ఆ నాలుగు ప్రశ్నలే ఆమెకి ఆఫీసులోనూ కలిసొచ్చాయి. డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సుకి రోగుల్ని అప్పగించే స్క్రీన్ ఒకటి కంపెనీ తయారుచెయ్యాలనుకుంది. అందరూ ఏవేవో బొమ్మలు గీస్తుంటే ఆమె గేటు దగ్గర నేర్చుకున్నది గీసింది. అదే నిలబడింది. తర్వాత జరిగిన మీటింగుల్లో ఒక్కో గడీ సన్నబడుతూ వచ్చింది, మూడో ప్రశ్న మాత్రం పూర్తిగా రాలిపోయింది. ఎవరికి ఏమనిపిస్తోందన్నది అంకె కాదు, దాన్ని పట్టికలో ఎక్కడ కూర్చోబెడతామన్నారు. నిజమే కదా అని ఆమె కూడా సరేనంది.

ఇప్పుడు ఆ పనికంతటికీ ఆమెనే పెద్దని చేస్తామంటున్నారు. మంచి మాటే. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట కూడా. కానీ మొదట్లో కొన్నాళ్ళు ఆసుపత్రుల వెంట తిరగాలి, అందుకు మొదటి బస్సుకే బయల్దేరాలి. అంటే అతను రాకముందే వెళ్ళిపోవాలి, అతను వెళ్ళిపోయాక రావాలి. మధ్యలో మేకల్ని చూసేదెవరు? అత్తయ్య మోకాళ్ళు వరండా మెట్లు దిగడానికే ఒప్పుకోవు.

అసలే ఆ నెల బాగా లేదు. ఒకరోజు ఇంటి నుంచే పనిచేస్తూ, ఆమె కాల్‌లో మాట్లాడుతూ కూర్చుంది. గాలి ఆడేలా వల పక్కలు ఎత్తడం మర్చిపోయింది. ఎండకి టమాటా నారు సగానికి పైగా ఉడికిపోయింది. లాప్‌టాప్ చంకలో పెట్టుకునే పరిగెత్తి వెళ్ళి చూసి, ఆ వడిలిన మొక్కల ముందు చతికిలబడి ఏడ్చింది. కాల్‌లో అవతలివాళ్ళు "మీ మాట వినబడటం లేదు" అంటూనే ఉన్నారు.

ఆ సాయంత్రం ఆమె గేటు దగ్గర మేకల మాటెత్తింది. ఇచ్చేద్దామా అని అడిగింది. నీ ఇష్టం అన్నాడు అతను. కాదు, మీ ఇష్టం అంది ఆమె. ఎవరి ఇష్టమో తేలకుండానే పక్క రోడ్డులో పాల వ్యాపారం చేసే అతనికి కబురు వెళ్ళింది. ఆయన దగ్గర ఇప్పటికే చాలా మేకలున్నాయి, మంచి కొట్టం ఉంది, మనిషి కూడా నిజాయితీపరుడు, జంతువుల మీద జాలి ఉన్నవాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆదివారం బండి తెచ్చి తోలుకెళ్తానన్నాడు. అత్తయ్య ఆ మాట విని ఏమీ అనలేదు. అత్తయ్య ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో కొత్త.

శనివారం పొద్దున ఆమె గేటు దగ్గర నిలబడి పెద్దమ్మని అప్పగించింది. పెద్దమ్మ అంటే మందలో అన్నిటికంటే పెద్ద మేక, నెలలు నిండి ఉంది. మొన్నటిదాకా వసారాలో ఆరేసిన అతని చొక్కా చేతులు నమిలి మింగిన ఘనురాలు, నిన్న సాయంత్రం నుంచీ పచ్చగడ్డి కూడా ముట్టలేదు. అన్నీ చెప్పి, రేపటి సంగతి మాత్రం ఎత్తకుండా ఆమె బస్సెక్కింది. అతనూ ఎత్తలేదు.

ఆ రోజు మీటింగు ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రిలో. అతను పనిచేసేది కాదు, ఇంకొకటి. కిటికీ పక్కన చక్రాల మంచం ఒకటి ఖాళీగా పెట్టిన గదిలో నర్సులు వరసగా కూర్చున్నారు. కొందరు అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు, బూట్లు వదులు చేసుకుని కాళ్ళు చాపుకున్నారు. ఆమెతో వచ్చిన మేనేజరు గోడ మీద స్క్రీన్ వేశాడు. ఎంత బాగుండాలో అంత బాగుంది. అందరూ మర్యాదగా చూస్తున్నారు. వెనక ఎవరో ఆవులించారు.

అప్పుడు హెడ్ నర్సు, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకున్న పెద్దావిడ, బొమ్మలు చాలమ్మా అంది. ఒక రోగిని మాకు అప్పగించి చూపించు, నోటితో చెప్పు, అది నీ స్క్రీన్‌లో ఎక్కడెక్కడ పడుతుందో మేం చూస్తాం అంది.

ఆమె లేచి నిలబడింది. ఇంటి నుంచి సిద్ధం చేసుకొచ్చిన రోగి ఒకాయన ఉన్నాడు, ఆయన వయసూ జబ్బూ అన్నీ కల్పించి పెట్టుకుంది. కానీ ఎదురుగా డ్యూటీ బట్టల్లో మనిషి కనబడగానే అలవాటైన నోరు అలవాటైన దారినే పోయింది.

"పెద్దమ్మ. మూడో కాన్పు, నెలలు నిండాయి. నిన్న సాయంత్రం నుంచి ఏమీ ముట్టలేదు. జ్వరం లేదు, చెవులు మాత్రం చల్లగా ఉన్నాయి. ఎందుకో తెలీదు గానీ ఆ చూపు నాకు నచ్చలేదు. మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటే బెదురుతోంది. మేత ఎదురుగా పెట్టి పక్కనే నిలబడండి, నిలబడితే తింటుంది."

హెడ్ నర్సు స్క్రీన్ మీంచి చూపు ఆమె వైపు తిప్పింది.

"మేతా?" అంది హెడ్ నర్సు.

ఆమెకి చెవుల దాకా వేడెక్కింది. పెద్దమ్మంటే తమ మేక అని చెప్పక తప్పలేదు. మొదట వెనక వరస నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు, ఆవులించినావిడ అయితే కళ్ళు తుడుచుకుంది. మేనేజరు స్క్రీన్ వైపు తిరిగి నిలబడ్డాడు.

హెడ్ నర్సు మాత్రం నవ్వుతూనే గోడ మీది గడులని పై నుంచి కిందికి చూసింది. "మేకని బాగా అప్పగించావు. మా వార్డులోనూ ఉన్నారమ్మా, పక్కన నిలబడితేగానీ తినని వాళ్ళు. అయితే ఆ చూపు నచ్చలేదన్నావు చూడు, అది ఇందులో ఎక్కడ పెట్టమంటావు?"

ఎక్కడా లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఉండేదని, తీసేశామని చెప్పింది. మళ్ళీ పెడతానంది. ఇలా అంటున్నప్పుడు మేనేజరు ముఖం చూడలేదు.

ఆ తర్వాత మాటలు సాగాయి. నర్సులు కుర్చీలు ముందుకి జరుపుకుని మరీ చెప్పారు. వెళ్ళేముందు హెడ్ నర్సు, వచ్చే నెల నువ్వే రా, వేరేవాళ్ళని పంపకు అంది. పొద్దున్నే మాత్రం రావద్దంది. అప్పుడు స్నానాలూ, మందులూ, డాక్టర్ల రౌండ్లూ, నీతో మాట్లాడే తీరిక ఎవరికి? మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం డ్యూటీలు మారేదాకా ఉండు, నీకు కావలసిందంతా అప్పుడే దొరుకుతుందంది. మేనేజరు తల ఊపాడు.

తిరిగి వస్తూ బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పొద్దుటి బస్సు అవసరం లేదు. అంటే పొద్దున గేటు దగ్గర ఉండొచ్చు. సాయంత్రం మాత్రం ఉండటం కుదరదు. ఈ లెక్క తేలగానే, ఇన్నాళ్ళూ తను బెంగపడింది మేకల కోసమేనా అని ఆమెకి అనుమానం వచ్చింది. మేకలు వెళ్ళిపోతే గేటు దగ్గర ఆగడానికి కారణం ఉండదు. "టిఫిన్ డబ్బా టేబులు మీద ఉంది" అని ఒకరు, "సరే" అని ఒకరు, ఎవరి దారిన వాళ్ళు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తామిద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి మాట్లాడుకున్నదంతా ఆ గేటుకి అటూ ఇటూ నిలబడే.

దిగేసరికి అతను భుజానికి సంచీ తగిలించుకుని గేటు దగ్గరే ఉన్నాడు. ముందు పెద్దమ్మ సంగతి చెప్పాడు. మధ్యాహ్నం నిద్ర మానుకుని పక్కన నిలబడ్డాడట, నాలుగు పరకలు తిందట, తియ్యటి నీళ్ళు తాగిందట. మిగతా మేకల సంగతులూ చెప్పాడు. కోళ్ళ సంగతి చెప్పడమూ అయిపోయింది. సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"రేపు పొద్దున్నే బండి తెస్తానన్నాడు. నేను వచ్చేసరికి ఎక్కించేస్తారేమో. అంతా బాగానే ఉంది."

"గేటు దగ్గర ఆ మాట అనకూడదు" అంది ఆమె.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. రోడ్డు మలుపులో బస్సు హారన్ వినబడింది. అతను అటు తిరగలేదు.

"సరే. ఎవరు?" అన్నాడు.

"నేను."

"ఏమైంది?"

"మేకలు పోతున్నాయి."

"నీకేమనిపిస్తోంది?"

ఇన్నేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఎన్ని జీవాల గురించో చెప్పిన జవాబు, ఇప్పుడు తన గురించే చెప్పాలి. గేటు గొళ్ళెం పట్టుకుని అటూ ఇటూ కదిపింది.

"ఉద్యోగం వదులుకోలేను. అది నేను కష్టపడి తెచ్చుకున్నది. కానీ మేకలు పోతే, మీరు నాతో ఏం మాట్లాడతారో నాకు తెలీదండి. అదే భయంగా ఉంది."

బస్సు వచ్చి ఆగింది, కాసేపు చూసింది, వెళ్ళిపోయింది.

"నేనేం చెయ్యాలి?" అన్నాడు అతను, చాలా మెల్లగా.

"రేపు ఆయన్ని రావద్దనండి."

అతను సంచీ దించి గేటు స్తంభానికి ఆనించాడు. నెలలు నిండినదాన్ని బండెక్కించడం తనకి మొదట్నుంచీ ఇష్టం లేదన్నాడు. చెప్పచ్చుగా అంటే, నారు ఎండిన రోజు నువ్వు ఏడవడం అమ్మ చెప్పింది, ఇంక నీ మీద ఇంకో బరువెందుకని ఊరుకున్నానన్నాడు. "నాకేమనిపిస్తోందో నువ్వూ అడగలేదు కదా" అని నవ్వబోయి, నవ్వలేక, గేటు మీదున్న ఆమె చేతిని తన చేత్తో కప్పాడు. మందుల వాసన, మేకల వాసన కలిసిపోయాయి.

"ఒరే, బస్సు పోయింది" అని వరండాలోంచి అత్తయ్య అరిచింది. "ఇంకా అక్కడేం చేస్తున్నారు? పెంటికల సంగతి తెమల్లేదా?"

తర్వాతి బస్సెక్కి అతను ఫోన్ చేస్తే పాల వ్యాపారి నవ్వాడట. మీ ఆవిడ ఒప్పుకోదని నాకు ముందే అనుమానం, అందుకే బండికి ఎవరికీ చెప్పలేదన్నాడట. కింది మడిలో ఇక టమాటా పెట్టకూడదని, దాన్ని మేతకి వదిలెయ్యాలని ఇద్దరూ అనుకున్నారు. టమాటా మడి వదులుకోవడం ఆమెకి కష్టంగానే అనిపించింది. అయినా ఒకటి వదలక తప్పదు.

ఇప్పుడు పొద్దుటి అప్పగింత ఎప్పటిలా గేటు దగ్గరే జరుగుతుంది. సాయంత్రం అతను బయల్దేరేసరికి ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉంటుంది, స్క్రీన్ మీద మళ్ళీ చోటు దొరికిన మూడో ప్రశ్నకి నర్సులు ఏం రాస్తున్నారో చూస్తూ. కొడుకు దగ్గర అప్పగింత తీసుకునేది అత్తయ్య. చీకటి పడుతుండగా కోడలు గేటు తోసుకుని రాగానే వరండాలో కుర్చీ సర్దుకుని కూర్చుంటుంది.

"పెద్దమ్మకి బాగానే..." అని నాలిక్కరుచుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. "పెద్దమ్మ. పిల్లలు రెండూ పాలు తాగుతున్నాయి. ఒకటి కుంటుతోంది, నువ్వు వెళ్ళి డెక్క చూడు."

"మీకేమనిపిస్తోంది, అత్తయ్యా?"

ఈ ప్రశ్న కోసమే కూర్చుని ఉంటుందావిడ. కోళ్ళ గురించి, పక్కింటావిడ గురించి, వాన గురించి తనకి అనిపించినవన్నీ ఒక్కొక్కటే చెబుతుంది. కోడలు చెప్పులు విప్పుకుంటూ వింటుంది. చివరికి, గుర్తొచ్చినట్టు, ఇంకోటి కలుపుతుంది.

"మావాడు. సంచీ తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు, నువ్వు రావని తెలిసి కూడా. బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదే అమ్మాయ్. పొద్దున వాడు వచ్చాక నువ్వు కాసేపు పక్కన నిలబడు."