ఒళ్లు చేసిన బొమ్మ

పొద్దున్నే షట్టరు ఎత్తగానే చిన్నమ్మాయి చేసే మొదటి పని అద్దాల వెనక బొమ్మకి బట్టలు మార్చడం. చిన్నమ్మాయి అంటే నిజంగా చిన్నపిల్ల అనుకునేరు. నలభై దాటింది, మోకాళ్ల నొప్పులు కూడా మొదలయ్యాయి. వాళ్లమ్మ ఈ బట్టల దుకాణం పెట్టిన కొత్తలో కౌంటరు కింద పడుకున్న పసిగుడ్డు కాబట్టి, వీధిలో అందరికీ ఆ పిలుపే అలవాటైపోయింది.

బొమ్మ కూడా అప్పుడే వచ్చింది. అప్పట్లో సన్నగా, నిటారుగా, వాళ్లమ్మ ఈడుదానిలా ఉండేది. ఇద్దరి కొలతలూ ఒకటే కావడంతో అమ్మ తనకోసం ఏది కుట్టుకున్నా ముందు బొమ్మకి తొడిగి చూసేది. అమ్మకి నడుం మందమైన ఏడాది బొమ్మకీ మందమైంది. దారిన పోయేవాళ్లు అద్దం ముందు ఆగి, "బొమ్మ కాస్త ఒళ్లు చేసినట్టుందే" అని పలకరించి పోయేవాళ్లు.

"చెయ్యదా మరి? నిలబడ్డచోటు నుంచి కదిలితేగా" అనేది పిన్ని. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. కాజాలు కుట్టడంలో ఎంత నిదానమో, మాట విసరడంలో అంత జోరు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బొమ్మకి మాత్రం ఏటికేడాదీ వయసు వస్తూనే ఉంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. గడ్డం కింద చర్మం కాస్త జారింది. అమ్మ ముసలిదవుతుంటే చూసే అదృష్టం చిన్నమ్మాయికి దక్కలేదు, ఆ లోటు బొమ్మ తీరుస్తోంది. అందుకే బట్టలు మార్చడానికి కాస్త ఎక్కువసేపే తీసుకుంటుంది. పిన్నికి అది తెలుసు, తెలిసినా ఏమీ అనదు.

వ్యాపారం సంగతి అడిగితే మాత్రం, ఈగలు తోలుకోవడమే. జనం పేరున్న కంపెనీల బట్టలకి ఎగబడుతున్నారు. కుట్టించుకునే ఓపిక ఎవరికుంది? ఇక దుకాణం మూసేయాల్సిందేనేమో అనుకుంటున్న రోజుల్లో, అన్నిటికంటే పేరున్న కంపెనీ నుంచి ఒకావిడ నడిచి వచ్చింది. "వీధి మూల మీద ఉంది మీ షాపు. మా గౌన్లు ఇక్కడ పెడదామనుకుంటున్నాం. మీరే మేనేజరుగా ఉండండి" అంది.

ఆ కంపెనీ పేరు వినగానే చిన్నమ్మాయికి మెషీను పైన గోడ గుర్తొచ్చింది. వారపత్రికలో వచ్చిన వాళ్ల గౌను ఫొటో ఒకటి కత్తిరించి అమ్మ అక్కడ అంటించుకుంది. ముదురు నీలం గౌను, మెడ చుట్టూ సన్నటి పట్టీ. స్కూల్లో చిన్నమ్మాయి పాట పాడాల్సిన రోజు కోసం అచ్చం అలాంటిదే కుట్టిపెట్టింది. "దీనికి లేబుల్ లేదు కదమ్మా" అని పిల్ల మూతి ముడుచుకుంది. అమ్మ నవ్వి, ఎవరో ఇచ్చిన చాక్లెట్ డబ్బాకి కట్టిన బంగారు రిబ్బను ముక్క కత్తిరించి మెడ లోపల కుట్టింది. "ఇదుగో లేబుల్. మన కంపెనీది!" ఆ రోజు చిన్నమ్మాయి పాట సగం మర్చిపోయింది గానీ, కాలరు తిప్పి లేబుల్ చూపించడం మాత్రం ఒక్కరి దగ్గరా మర్చిపోలేదు. తర్వాత ఎన్ని బట్టలు కట్టినా ఆ సంతోషం మళ్లీ రాలేదు.

"ఒక్క విషయం" అంది కంపెనీ మేడమ్. "అద్దాల వెనక మా బొమ్మలే ఉంటాయి. తెల్లగా, తలలు లేకుండా. ఈవిణ్ణి తీసేయాలి."

చిన్నమ్మాయి మొహం వాడిపోయింది. మేడమ్ చెడ్డ మనిషి కాదు. బొమ్మ వంక కాసేపు చూసి మెత్తబడింది. "మొహంలో కళ ఉంది. సరే, మా గౌను ఈవిడకి పడితే ఉండనిద్దాం. శుక్రవారం మధ్యాహ్నం వస్తాను."

"కాస్త బిగుతైతే వదులు చేసుకోవచ్చాండీ?"

"అమ్మో! మా గౌను మీద కత్తెర పడకూడదు. పైవాళ్లు అస్సలు ఒప్పుకోరు."

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి పిన్ని గుసగుసలాడింది. "చూశావా? ఆవిడ స్కర్టుకి నడుం దగ్గర హుక్కు పట్టక పిన్నీసు పెట్టుకుంది."

"పోనీలే పిన్నీ, నీకెందుకు?"

శుక్రవారం పొద్దున గౌను వచ్చింది, పల్చటి కాగితాల మధ్య, పెద్ద పెట్టెలో. మళ్లీ ముదురు నీలమే. చేత్తో తడిమితే నీళ్లలా జారిపోతోంది. బొమ్మకి తొడిగారు. జిప్పు వీపు సగం దాకా వచ్చి ఆగింది. ఎంత లాగినా రాలేదు. చిన్నమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది.

"కాస్త సాయం చెయ్యమ్మా" అంది బొమ్మతో.

బొమ్మ పొట్ట లోపలికి పీల్చుకుంది, భుజాలు బిగించింది, ఊపిరి బిగబట్టింది. జిప్పు సర్రున మెడదాకా వెళ్లింది.

"పట్టింది పిన్నీ! పట్టేసింది!"

"అక్క నీ మాట ఎప్పుడు కాదంది గనక" అని పిన్ని చప్పట్లు కొట్టింది. ఇక దుకాణం నిలబడినట్టే. బొమ్మా ఉంటుంది. చిన్నమ్మాయి కాలరు సరిచేయడానికి ముందు వైపు వచ్చి, బొమ్మ మొహం చూసి ఆగిపోయింది.

పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఆ మొహం తనకి తెలుసు. అది "నాకేం" అనే మొహం.

చెప్పులు కరిచి కాళ్లు బొబ్బలెక్కినా, "నాకేం, సరిపోయాయి" అనేది అమ్మ. గిన్నెలో ఏమీ మిగలకపోతే, "నాకేం, ఆకల్లేదు" అనేది. ఆఖరి ఏడాది కడుపులో నొప్పి మెలిపెడుతుంటే మెషీను ముందు ఇలాగే ఊపిరి బిగబట్టి కూర్చుని, "నాకేం, బాగానే ఉన్నా" అంది. అందరూ నమ్మారు. నమ్మితే హాయిగా ఉంటుంది కదా, అందుకని నమ్మారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

చిన్నమ్మాయి జిప్పు కిందికి లాగేసింది.

"అదేమిటే! అతికినట్టు పట్టిందిగా!"

"పట్టలేదు పిన్నీ. ఓర్చుకుంది."

గౌను తిరగేసి కుట్లు చూసింది. ఎదిగే పిల్ల, ఎదగని పెద్దది అని లేకుండా అమ్మ ప్రతి కుట్టులోనూ వేలెడు మడత వదిలేది. ఇక్కడ మడతన్నదే లేదు, గుడ్డ అంచు దాకా కోసేశారు. "కొన్న మనిషి రెండు ముద్దలు ఎక్కువ తింటే ఏమైపోవాలిట?" అని పిన్ని మండిపడింది. అంతలోనే చిన్నమ్మాయి చేతిలో కత్తెర చూసి గొంతు తగ్గించింది. "ఆలోచించుకోవే. ఇది పోతే మళ్లీ ఈగలే."

"తోలుకుందాంలే."

ముక్కల సంచి బోర్లిస్తే, అడుగున అమ్మ దాచిన నీలం గుడ్డ దొరికింది. స్కూల్లో పాట రోజు గౌను కుట్టగా మిగిలింది. ఇద్దరూ కూర్చుని పక్క కుట్లు కత్తిరించి, అటొక పట్టీ, ఇటొక పట్టీ వేశారు. రంగు కాస్త తేడాగా ఉంది, చూస్తే తెలిసిపోతోంది. ఆ గుడ్డతో పాటే బంగారు రిబ్బను ముక్క కూడా బయటపడితే చిన్నమ్మాయి దాన్ని కంపెనీ లేబుల్ పక్కనే కుట్టింది. ఈసారి జిప్పు దానంతటదే వెళ్లినట్టు వెళ్లింది. బొమ్మ నిదానంగా, దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఎదురుగా అద్దం మీద ఆవిరి కమ్మింది. పిన్ని తుడవడానికి గుడ్డ తీసింది.

"ఉండనీ పిన్నీ" అంది చిన్నమ్మాయి.

మేడమ్ వచ్చేసరికి బయట నలుగురైదుగురు ఆడవాళ్లు అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఈ దుకాణం వైపు అంతకుముందు వాళ్లెప్పుడూ తలతిప్పి చూసినవాళ్లు కాదు. మేడమ్ వాళ్లని తప్పించుకుని లోపలికొచ్చి పట్టీలు చూసింది.

"కత్తెర పెట్టారు."

"పెట్టానండీ."

"ఇంక మావాళ్లు ఒప్పుకోరు. తెలుసు కదా?"

"తెలుసండీ."

ఆవిడ కాలరు తిప్పి చూసింది. "ఈ రెండో లేబుల్ ఏ కంపెనీది?"

"మా అమ్మదండీ."

మేడమ్ కాలరు మళ్లీ సరిచేసి, "గౌను మీరే ఉంచుకోండి, దీన్ని ఇక వెనక్కి తీసుకోరు" అని వెళ్లబోయింది. అప్పుడే బయట నిలబడ్డ వాళ్లలో ఒకావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "అమ్మాయ్, నా దగ్గరా ఈ కంపెనీ గౌనుంది. ఒక్కసారీ వేసుకోలేదు, బీరువాలోనే పడుంది. నాక్కూడా ఇలా పట్టీలు వేసిపెడతావా?" ఆవిడ వెనకే ఇంకొకావిడ, "నాది చేతుల దగ్గర పట్టదు" అంది.

తలుపు దగ్గర మేడమ్ ఆగింది. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే నడుం మీదికి వెళ్లింది.

పిన్ని స్టూలు ముందుకి జరిపింది. "రామ్మా, కూర్చో. ముందు ఆ పిన్నీసు తీసేద్దాం."

"నాకేం, బాగానే..." అనబోయి, మేడమ్ బొమ్మ వంక చూసింది. చూసి, వచ్చి కూర్చుంది. అద్దం మీద ఆవిరి అప్పటికింకా ఆరలేదు.